చప్పుడు లేని బండి

ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే గట్టిగా దగ్గేది పాత డీజిలు కారు. తాళం తిప్పగానే ఒకసారి దగ్గి, రెండోసారి మూలిగి, ఇక తప్పదన్నట్టు అందుకునేది. ఆ చప్పుడు విని వీధిలో వాళ్ళు గడియారాలు సరిచేసుకుంటారని కొడుకు గొప్పలు పోయేవాడు గానీ, నిజానికి వాళ్ళు తిట్టుకుంటూ కిటికీలు మూసుకునేవాళ్ళు.

వసారాలో కుర్చీలో కూర్చున్న మాస్టారు మాత్రం ఆ దగ్గు వినగానే తల పైకెత్తారు. జీవితమంతా డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషి ఆయన. ఊళ్ళో సగం మందికి క్లచ్చి నొక్కడం నేర్పిన మనిషి. ఇప్పుడు ఆయన జ్ఞాపకాలు ఒక్కొక్కటే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోతున్నాయి. చెవులు మాత్రం చెక్కుచెదరలేదు.

"ఇంజను వేడెక్కి హీటరు దీపం ఆరకుండానే తాళం తిప్పాడు. వెధవకి అన్నిటికీ తొందరే" అన్నారు.

"వెళ్ళొస్తాను నాన్నా!" కొడుకు కారు అద్దంలోంచి చెయ్యి ఊపాడు.

"మూడో గేరు ఆలస్యం చెయ్యకురా!" అని ఆయన కూడా చెయ్యెత్తారు.

కారు పల్లం దిగి వీధి మలుపు తిరిగేదాకా మాస్టారు చెవి రిక్కించి విన్నారు. తరువాత పక్కన కాఫీ గ్లాసుతో నిలబడ్డ పెద్దావిడ వైపు తిరిగి, "మా వాడండీ. సర్వేయరు ఉద్యోగం. పొలాలూ స్థలాలూ కొలుస్తుంటాడు" అని పరిచయం చేశారు. "ఇంతకీ మీరు ఏ బ్యాచీ? పొద్దుటిదా, సాయంత్రానిదా?"

"పొద్దుటిదే మాస్టారూ" అంది ఆవిడ, కాఫీ చల్లార్చి అందిస్తూ. పెళ్ళైన నాటి నుంచీ అదే బ్యాచిలో ఉన్నానని చెప్పాలనిపించింది. చెప్పి ఏం లాభం? ఆయన మర్యాదగా తల ఊపి మళ్ళీ మర్చిపోతారు.

ఆవిడ ఆయన భార్య. స్కూలు నడిచిన రోజుల్లో ఆఫీసు గదిలో ఫోన్లు ఎత్తడం, ఫీజులు తీసుకోవడం, ఆయన కోపానికి ఏడ్చిన శిష్యులకి మంచినీళ్ళిచ్చి ఓదార్చడం అన్నీ ఆవిడ పనులే. అందుకే కుర్రాళ్ళు చాటుగా "మాస్టారు యాక్సిలరేటరు, అమ్మగారు హ్యాండ్‌బ్రేకు" అనుకునేవాళ్ళు. ఆ పేరు నోటా నోటా పాకి కొడుక్కి కూడా అలవాటైపోయింది.

మాస్టారి చదువంతా చెవులతోనే. కొత్తగా చేరినవాళ్ళ ముందు మీటరు మీద తువ్వాలు కప్పేసేవారు. "కళ్ళు రోడ్డు మీద, చెవులు ఇంజను మీద. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజనే నోరు తెరిచి అడుగుతుంది, మీరు చెవిటివాళ్ళు కాకపోతే చాలు" అనేవారు. అంతటి గురువు కడుపున పుట్టి కూడా కొడుక్కి ఒక లోపం ఉండిపోయింది. మలుపు తిరిగి ఎత్తు ఎక్కేటప్పుడు రెండో గేరులో ఇంజను ఎంత మొత్తుకున్నా వినడు. ఇస్త్రీ బండి దగ్గర మార్చాల్సిన మూడో గేరుని తమ ఇల్లు నాలుగిళ్ళ దూరంలో ఉందనగా మారుస్తాడు. కారు ఒక్క కుదుపు కుదిపి, "హమ్మయ్య" అన్నట్టు శాంతిస్తుంది. ఆ కుదుపు వసారాలోకి వినిపిస్తుంది.

"వచ్చాడు" అంటారు మాస్టారు. కొడుకు గేటు తీసేసరికి ఆయన ముఖం విచ్చుకుని ఉంటుంది.

జబ్బు మొదలయ్యాక ఆయన మొదట పక్కింటివాళ్ళని మర్చిపోయారు. తరువాత సొంత తమ్ముణ్ణి, ఆ తరువాత కోడల్ని, చివరికి భార్యని. కొడుకుని మాత్రం మర్చిపోలేదు. కనీసం కొడుకు అలాగే నమ్ముతున్నాడు. ఎవరు ఫోను చేసినా, "నాన్న అందర్నీ మర్చిపోయారు గానీ నన్ను మాత్రం గుర్తుపడతారు బాబాయ్" అని చెప్పుకుంటాడు. నాన్న జబ్బుని వాడు తట్టుకుంటున్నది ఆ ఒక్క మాటని పట్టుకునే.

అది నిజం కాదని పెద్దావిడకి తెలుసు. ఆమధ్య కారు గ్యారేజీలో పెట్టిన రోజు కొడుకు బస్సు దిగి నడిచి వచ్చాడు. ఫోనులో ఎవరితోనో మాట్లాడుతూ గేటు దగ్గరే నిలబడిపోయాడు. మాస్టారు ఆవిడ వైపు వంగి గొంతు తగ్గించి, "ఎవరో పెద్దమనిషి వచ్చాడు, కుర్చీ వెయ్యండమ్మా" అన్నారు. ఆవిడ చప్పున కొడుకు వైపు తిరిగింది. "నిద్రమత్తుగా ఉన్నారు, పడుకోబెడతాను" అని ఆయన్ని గబగబా లోపలికి తీసుకుపోయింది. ఆయన గుర్తుపడుతున్నది ముఖాన్ని కాదని, ఆ డొక్కు కారునీ అందులో ఆలస్యంగా పడే మూడో గేరునీ అని ఆవేళ ఆవిడకి తెలిసిపోయింది. కోడలు అదే కారు తెచ్చినా ఆయన తల ఎత్తరు. సాయంత్రం ఆ కుదుపు ఒక్కసారి చెవిన పడితే చాలు, పడుకునేదాకా కొడుకు కొడుకుగానే ఉంటాడు. ఆదివారాలు కారు కడిగేటప్పుడు ఇంజను వేయమని ఆవిడే కొడుక్కి గుర్తుచేసేది. "బ్యాటరీ పడిపోతుందిరా" అని వంక చెప్పేది.

ఆ కారుకే ఇప్పుడు మూడింది.

"ఈ నెలాఖరు దాకానే అత్తయ్యా" అంది కోడలు ఆ సాయంత్రం భోజనాల దగ్గర. ఆ అమ్మాయి కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ఏ మాటైనా అద్దాలు మార్చి మార్చి చూపించినట్టు ఓపికగా చెబుతుంది. "ఎలక్ట్రిక్ కారు కొంటే ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోంది. రోడ్డు ట్యాక్సు పూర్తిగా మాఫీ. పాత డీజిలు కారుని తుక్కు కింద అప్పజెపితే పైన ఇంకొంత. వచ్చే నెల నుంచి ఇవేవీ ఉండవట."

"మరి ఇది బాగానే తిరుగుతోందిగా?"

"తిరుగుతోంది. కానీ వయసైపోయిన డీజిలు బండికి ఈసారి రోడ్డు ట్యాక్సు పెరిగింది, దాని మీద పొగ పన్నొకటి. డీజిలుకి అయ్యే ఖర్చు సరేసరి. పైగా కొత్త సంవత్సరం నుంచి ఊరి మధ్యలోకి ఇలాంటి బళ్ళు రానివ్వరు. మీ అబ్బాయికి సగం పని అక్కడే కదా?"

మాటలో వంక పెట్టడానికి చోటు లేదు. అయినా పెద్దావిడ పెట్టింది. "కరెంటు పోతే?"

"కరెంటు వచ్చాక చార్జి పెడతాం" అన్నాడు కొడుకు.

"వానలో షాకు కొడితే?"

"అమ్మా, వాళ్ళు వానలో నడవని కారు చేస్తారా?"

"చప్పుడు లేని బండి దొంగపిల్లిలా వచ్చి వెనకనుంచి గుద్దేస్తుందిరా. ముసలాళ్ళు తిరిగే వీధి ఇది."

కొడుకు నవ్వాడు. "అమ్మా, నువ్వు మళ్ళీ హ్యాండ్‌బ్రేకు వెయ్యకు. ఆ కారులో అసలు గేర్లే ఉండవు తెలుసా? నాన్న నన్ను మూడో గేరు గురించి తిట్టే పనే ఉండదు."

పెద్దావిడ చేతిలో గరిటె ఆగిపోయింది. మాస్టారు అన్నం కలుపుతూ ఎవరి గొడవో వింటున్నట్టు వింటున్నారు.

"పోనీ అదీ కొనండి, ఇదీ ఉంచండి" అంది చివరికి.

"పెట్టడానికి చోటేది అత్తయ్యా? రెండింటికీ ఇన్సూరెన్సు, దీనికి ట్యాక్సు... పైగా దీన్ని తుక్కుకి ఇచ్చినట్టు సర్టిఫికెట్టు తెస్తేనే ఆ పై సబ్సిడీ."

చెబుదామా అనుకుంది. కొడుకు తండ్రి పళ్ళెంలో పెరుగు వడ్డిస్తూ, "నాన్నా, కొత్త కారులో మొదట నిన్నే ఎక్కిస్తాను" అన్నాడు. మాస్టారు వాడి ముఖంలోకి చూసి నవ్వారు. వాడు చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. మింగలేక కక్కలేక ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తరువాతి రోజుల్లో కోడలు కారు బుక్ చేసింది. పాత కారు కాగితాలు తుక్కు యార్డులో ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. అప్పుడు చూస్తే బీరువాలో కాగితాలు లేవు. అటకలు దించారు, పెట్టెలు తిరగేశారు, పరుపులెత్తారు. పెద్దావిడ కూడా వాళ్ళతోపాటు వెతికింది. దొంగతనం ఎప్పుడూ అలవాటు లేని చెయ్యి కాబట్టి, వెతికిన చోటే మళ్ళీ వెతికింది.

ఆఖరికి ఒక మధ్యాహ్నం కొడుకు తండ్రిని కుర్చీలోంచి లేపి మంచం మీదికి చేరుస్తుంటే కుర్చీ మెత్త పక్కకి జరిగింది. కింద ప్లాస్టిక్ కవరులో కారు కాగితాలు.



"నాన్న పెట్టి ఉంటారు" అన్నాడు కొడుకు. ఆ మాట వాడే నమ్మలేదు. తల్లి ముఖం చూశాడు. "నువ్వా?"

పెద్దావిడ కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అత్తయ్యా, నేను మీకేం ద్రోహం చేశాను?" అంది కోడలు. "ఇల్లు గడవాలనే కదా ఇదంతా? వద్దంటే వద్దని ముఖం మీద చెప్పొచ్చుగా? వారం నుంచి నేను పిచ్చిదానిలా వెతుకుతుంటే నాతోపాటు వెతికారే!"

"వద్దనే చెప్పానమ్మాయ్..."

"ఎందుకు వద్దో చెప్పలేదు!" కొడుకు గొంతు లేచింది. "కరెంటంటావు, షాకంటావు, దొంగపిల్లంటావు. నీకు ఏదీ మారకూడదు, అంతే. ఆ డొక్కు కారు మీదున్న ప్రేమ మా మీద లేదు."

"అంత మాటనకురా."

"అంటాను! నాన్న బాగుంటే ఇంత రాద్ధాంతం చేసేవారు కాదు. ఒక్క మాటలో 'కొనరా' అనేవారు. ఇంత జబ్బులోనూ ఆయనకి నేను తెలుసు. తెలివి అంతా సరిగ్గా ఉండి, నీకే నేను తెలీదు."

ఆ మాట పెద్దావిడకి సూటిగా తగిలింది. జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో గెలుస్తుంది, కారు ఉండిపోతుంది, కొడుకు మాత్రం ఈ గదిలో నిలబడ్డచోటే కూలిపోతాడు. ఆయన తనని మొదటిసారి "మీరెవరండీ?" అని అడిగిన రోజు తను స్నానాలగదిలో కుళాయి తిప్పి ఎంతసేపు ఏడ్చిందో ఆవిడకి గుర్తుంది.

కవరు మీద దుమ్ము కొంగుతో తుడిచి కొడుకు చేతిలో పెట్టింది. "తప్పే చేశాను. తీసుకుపో. కొనుక్కోండి."

ఇద్దరూ ఆశ్చర్యపోయారు. ఆవిడ మాస్టారి దుప్పటి సర్దడంలో పడింది.

పాత కారు వెళ్ళిపోయే రోజు పొద్దున్న ఆవిడ ఒక్క కోరిక కోరింది. "వీధి చివరిదాకా వెళ్ళి ఒక చుట్టు తిరిగి వచ్చి, అప్పుడు తీసుకుపోరా." చాదస్తం అనుకుని కొడుకు ఒప్పుకున్నాడు. కారు మలుపు తిరిగి, ఎత్తు ఎక్కి, నాలుగిళ్ళ అవతల కుదుపు కుదిపింది.

"వచ్చాడు" అన్నారు మాస్టారు సంతోషంగా.

"వచ్చాడండీ" అంది ఆవిడ. ఆయన భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. కారు మళ్ళీ దగ్గుతూ వెళ్ళిపోయింది.

సాయంత్రం మాస్టారు అలవాటుగా వసారాలో కూర్చున్నారు. ఎదురుగా వీధి గోడ మీద ఎండ ఎర్రబడింది. వీధిలోకి కొత్త కారు వచ్చింది. తెల్లగా నున్నగా ఉంది. చక్రాల కింద రాళ్ళు నలిగిన చప్పుడు తప్ప దాని నోట మాట లేదు. గేటు ముందు ఆగేదాకా మాస్టారు అటు చూడనే లేదు.

కొడుకు దిగి, మిఠాయి డబ్బాతో పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వచ్చాడు. "నాన్నా! కొత్త కారు! రా, మొదట నువ్వే ఎక్కాలి."

మాస్టారు వాడి ముఖంలోకి చూశారు. అపరిచితుల దగ్గర ఎలా నవ్వాలో అలా నవ్వారు.

"చాలా సంతోషమండీ. బండి మా దగ్గరే నేర్చుకున్నారా? ఏ బ్యాచీ?"

కొడుకు కూడా నవ్వాడు, వేళాకోళం అనుకుని. "నాన్నా, నేను."

"కూర్చోండి. మా వాడు వచ్చే వేళయింది. వాడి కారు చప్పుడు ఇంకా వినపడలేదు." మాస్టారు మెడ చాచి వీధి మలుపు వైపు చూశారు. "ఎప్పుడూ ఇంత ఆలస్యం చెయ్యడు."

"నాన్నా, నేనే. నేనొచ్చేశాను. ఇటు చూడు."

"మీరు కాదండీ" అన్నారాయన ఓపికగా, కొత్త శిష్యుడికి చెప్పినట్టు. "మా వాడు."

మిఠాయి డబ్బా కొడుకు చేతిలో పక్కకి ఒరిగిపోయింది. వాడు తల్లి వైపు తిరిగాడు. ఆవిడ ముఖంలో దిగులుంది గానీ ఆశ్చర్యం లేదు. వాడికి అక్కడే అర్థమైంది.

"నీకు తెలుసా?"

"తెలుసురా."

"ఎప్పటినుంచి?"

"కారు గ్యారేజీలో పెట్టావు చూడు, అప్పటినుంచి. ఆయన కారుని పోల్చుకుంటారురా. నువ్వు తోలే తీరుని పోల్చుకుంటారు. ఆ మూడో గేరు..."

కొడుకు మెట్టు మీద కూలబడ్డాడు. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఎక్కిళ్ళు పెట్టాడు. చంటిపిల్లాడప్పుడు కూడా వాడు అంత గట్టిగా ఏడవలేదు. మాస్టారు కంగారుపడి, "అయ్యో, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా అమ్మగారూ? మంచినీళ్ళివ్వండి ఆయనకి" అన్నారు.

"ఎందుకు చెప్పలేదమ్మా? ఆవేళ అన్ని మాటలన్నానే, అప్పుడైనా ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? నన్ను మర్చిపోయిన రోజు నాకెలా ఉందో నాకు తెలుసు. అది నీదాకా రాకుండా ఎన్నాళ్ళు ఆపగలిగితే అన్నాళ్ళు ఆపుదామనుకున్నాను. నువ్వు నన్నన్నావని నాకేం లేదురా. పోనీలే, హ్యాండ్‌బ్రేకు ఎన్నాళ్ళని పట్టి ఉంటుంది?"

మర్నాడు పొద్దున్నే కొడుకు తుక్కు యార్డుకి పరిగెత్తాడు. అక్కడ కారు ఇంకా ఉంది, కానీ అప్పజెప్పిన వెంటనే ఇంజను పనికిరాకుండా చెయ్యడం అక్కడి నియమమట. బానెట్టు కింద చూసి ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు.

కోడలు వంటింట్లో అత్తగారి పక్కన చేరింది. ఉల్లిపాయలు తరుగుతున్న నెపంతో కళ్ళు తుడుచుకుంది. "ఒక్క మాట నాతో అని ఉంటే కొననిచ్చేదాన్నా అత్తయ్యా?"

"కొననిచ్చేదానివి కాదు. ఎందుకు మానేశావని వాడడిగితే నువ్వు అబద్ధం చెప్పలేవు. నీకు నాలాగా దొంగతనం కూడా రాదు." పెద్దావిడ ఆ అమ్మాయి చేతిలో కత్తి తీసుకుంది. "బండి తప్పేం లేదమ్మా. ఎప్పటికైనా ఆ డొక్కు పోవలసిందే. మన ఖర్మ, ఆయన వాణ్ణి దాంట్లో దాచుకున్నారు."

ఆ అమ్మాయి ఊరుకోలేదు. ఫోనులో ఎక్కడెక్కడివో డీజిలు కార్ల చప్పుళ్ళు వెతికి, కిటికీ చాటు నుంచి వినిపించింది. మాస్టారు ఒక నిమిషం విని, "ఎవరి బండో, ఆయిలు మార్చి చాలా కాలమైంది. ఆ రేడియో ఆపండమ్మా, మా వాడి చప్పుడు వినపడదు" అన్నారు.

అసలు కష్టం భోజనం దగ్గర మొదలైంది. "వాడొచ్చాక తింటాను" అని పళ్ళెం పక్కకి జరిపేవారు మాస్టారు. బతిమాలితే రెండు ముద్దలు, లేకపోతే అదీ లేదు. సాయంత్రం వీధి గోడ మీద ఎండ పోయేదాకా మలుపు వైపు చెవి పెట్టి కూర్చునేవారు. ఎవరికోసం ఎదురుచూస్తున్నారో ఆ మనిషి పక్క కుర్చీలోనే కూర్చునేవాడు. వారం తిరిగేసరికి ఆయన మణికట్లు సన్నబడ్డాయి.

"రండి సర్వేయరు గారూ" అని ఆయన రోజూ ఆదరంగా పిలిచేవారు. ఈయన సర్వేయరని ఎవరో చెబితే ఆ ముక్క మాత్రం ఆయన మనసులో నిలిచింది. ఒకరోజు పెద్దావిడ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తుంటే వాళ్ళ మాటలు వినపడ్డాయి.

"మా వాడు కూడా సర్వేయరేనండీ. మీకు తెలిసే ఉంటాడు."

"తెలుసండీ" అన్నాడు కొడుకు.

"ఎలా ఉన్నాడు?"

"బాగానే ఉన్నాడండీ. మిమ్మల్ని తలుచుకుంటూ ఉంటాడు."

"మంచివాడండీ. నేనే వాణ్ణి చాలా తిట్టాను. మూడో గేరు ఆలస్యంగా వేస్తాడని శిష్యులందరి ముందూ తిట్టేవాణ్ణి." మాస్టారు తన అరచేతిని చూసుకున్నారు. "అది భయమనుకునేవాణ్ణి. భయం కాదండీ, జాగ్రత్త. పక్కన నేను కూర్చుంటే స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యడానికి వాడికి మనసొప్పేది కాదు. నన్ను భద్రంగా చేర్చాలని. ఇన్ని వందల మందికి నేర్పాను, నేను కళ్ళు మూసుకుని కూర్చున్నది వాడొక్కడి పక్కనే. ఆ మాట వాడితో ఎప్పుడూ అనలేదు. మీకు కనపడితే చెప్పండి."

"చెబుతానండీ."

"చిన్నప్పుడు చూడాలి వాణ్ణి. నోటితోనే కారు తోలేవాడు. పళ్ళెం స్టీరింగులా పట్టుకుని వీధి చివరినుంచి ఇంటిదాకా బుర్రుమంటూ పరుగు. అప్పుడు కూడా అంతేనండీ, మూడో గేరు ఆలస్యమే!" మాస్టారు నవ్వారు. నవ్వి, మళ్ళీ మలుపు వైపు చూశారు. "ఎందుకో రావడం లేదు. నేను తిట్టాననేమో."

కొడుకు లేచి నిలబడ్డాడు. "ఇప్పుడే వస్తానండీ" అని చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాటి వీధి వెంట వెళ్ళిపోయాడు. ఏడవడానికే వెళ్ళాడనుకుంది పెద్దావిడ. చిక్కుళ్ళ చేట పక్కన పెట్టి గేటు దాకా వచ్చింది.

మలుపు దగ్గర వాడు ఆగాడు. రెండు చేతులూ ముందుకి చాచి గాలిలో దేన్నో పట్టుకున్నాడు. నెత్తిన నెరిసిన జుట్టు, ఇస్త్రీ చొక్కా, మెడలో ఆఫీసు కార్డు. నోరు తెరిచి ఒకసారి దగ్గాడు. రెండోసారి మూలిగాడు. తరువాత అందుకున్నాడు.

ఇస్త్రీ బండి మనిషి పెట్టె గాలిలోనే ఆపి చూస్తుండిపోయాడు. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. వాడు ఎవరినీ చూడలేదు. రెండో గేరులో గొంతు చించుకుంటూ ఎత్తు ఎక్కుతున్నాడు. ఇస్త్రీ బండి దాటాడు, గేరు మార్చలేదు. పాలవాళ్ళ ఇల్లు దాటాడు, మార్చలేదు. వాడి చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నాయి, చప్పుడు మాత్రం తెగనివ్వలేదు. సరిగ్గా నాలుగిళ్ళ అవతల ఒళ్ళంతా ఒక్క కుదుపు కుదిపి, ఊపిరి మార్చి, మూడో గేరు వేశాడు.

పెద్దావిడ వెనక్కి తిరిగి చూసింది. వసారాలో మాస్టారి తల పైకి లేచి ఉంది. కళ్ళు మూసుకుని వింటున్నారు.

చప్పుడు గేటు దాటి, మెట్ల ముందుకి వచ్చి ఆగింది. కొడుకు రొప్పుతూ నిలబడ్డాడు. మాస్టారు కళ్ళు తెరిచి వాణ్ణి చూసి, ముఖమంతా విప్పారి నవ్వారు.

"బండి మారింది" అన్నారు. "తోలేది మాత్రం మా వాడే."

కొడుకు ఆయన మోకాళ్ళ మీద తల పెట్టేశాడు. ఆయన ఆ నెరిసిన జుట్టులో వేళ్ళు పెట్టి నిమురుతూ, "ఇంత ఆలస్యమేమిట్రా? నేను అన్నం కూడా తినలేదు" అన్నారు. తరువాత గుమ్మంలో నిలబడ్డ భార్య వైపు తిరిగి, ఎంతో మర్యాదగా, "అమ్మగారూ, మా వాడొచ్చాడండీ. మాకిద్దరికీ కాస్త వడ్డిస్తారా?" అని అడిగారు.

"వడ్డిస్తాను మాస్టారూ" అంది ఆవిడ. లోపలికి వెళ్ళి, కళ్ళు తుడుచుకుని, రెండు పళ్ళేలు కడిగి పెట్టింది. ఆ పూట ఆయన కడుపునిండా తిన్నారు.